బెల్లం పాదం

కోడుమూరు,
ఈశ్వర నామ సంవత్సరం, చైత్ర శుద్ధ సప్తమి.

కడపలో ఉన్న బావగారికి ఆంజనేయ నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం ఆచారం. నేను పెట్టను. అది అబద్ధం. ఉగాదికి వచ్చిన మీరూ అక్కా తిరిగి బస్సెక్కిన సాయంత్రం నుంచి ఈ ఇంట్లో క్షేమం లేదు. దీపం పెట్టాక అవ్వ వక్కాకు వేసుకుందామని కొట్టుగదిలోకి పోయి భోషాణం తెరిచింది. వెండి వక్కాకు పెట్టె లేదు. తాతగారు చేయించి ఇచ్చిన పెట్టె. అవ్వ పీట మీద కూర్చుని, పళ్ళు లేని నోరు ఊరికే ఆడిస్తూ ఉండిపోయింది.

నాన్నకు దొంగ ఎవరో తేల్చడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ ఉదయం గాజుల నన్నీ బీ వచ్చి వసారాలో అమ్మకు గాజులు తొడిగింది. ఇంటికి వచ్చిన పరాయి మనిషి ఆమె ఒక్కతే, కాబట్టి ఆమే. అమ్మ పెళ్ళికి గాజులు తొడిగిన చెయ్యి కూడా అదేనని నేను గుర్తుచేస్తే, ఆ పాత కథలు ఎందుకన్నారు.

మర్నాడు బసవన్నను పిలిచి అంజనం వేయించారు. ఎదురుకాళ్ళతో పుట్టిన ఒక పిల్లను అరుగు మీద కూర్చోబెట్టి, అరచేతిలో నల్లటి మసి పూసి, ఏం కనపడతాంది, ఏం కనపడతాంది అని అది ఏడ్చేదాకా అడిగారు. చివరికి ఆ పిల్ల, ఎవరో గాజులు మోస్తాండారు అంది. పొద్దుటి నుంచి అదే అరుగు మీద అందరూ నన్నీ బీ పేరే జపిస్తుంటే దానికి రైలుబండి కనపడుతుందా? బసవన్న లేచి, పైపంచ దులుపుకుని, “గాజులు మోసే మనిషే తీసిండాది. అంతకు మించి నేను చెప్పను” అన్నాడు. ఊరంతా తల ఊపింది.

ఇది విజ్ఞాన యుగమని, నేర పరిశోధన మీద ఒక్క అణా పుస్తకాలు కూడా వస్తున్నాయని నేను అరుగెక్కి చెప్పాను. ఆ పుస్తకం పొయ్యిలో పెడతానన్నారు నాన్న. ఆ రోజు నుంచి నన్నీ బీని ఒక్క గడప కూడా పిలవడం లేదు. వైశాఖంలో పెళ్ళిళ్ళు. ఆమె ఏడాది తిండి ఆ నెలలోనే ఉంది. ఠాణాలో కాగితం పెట్టాలని నాన్న ఆలోచన.

మీరు వకీలుగారి దగ్గర గుమాస్తా. చట్టం ఏమంటుందో రాయండి. నేను ఊరుకోను.

మీరు ఒట్టికాళ్ళతో బస్సెక్కారని అమ్మ బాధపడుతోంది. మీ చెప్పులు ఎక్కడున్నాయో నాకు తెలియదని ప్రమాణం చేయమంటున్నారు. ప్రమాణాల మీద నాకు నమ్మకం లేదు కాబట్టి చేయలేదు.

ఆంజనేయ


కడప,
చైత్ర శుద్ధ ద్వాదశి.

చిరంజీవి ఆంజనేయకు వెంకటరమణయ్య ఆశీస్సులు.

మీ అక్క కులాసా. నేనూ కులాసాయే, అరికాళ్ళు మినహా. కడప వీధులు ఈ ఎండకు పెనంలా ఉన్నాయి. అవి నా పెళ్ళినాటి కిర్రుచెప్పులు. దొంగతనం మీద అంత మంట ఉన్నవాడివి, బావ చెప్పులు దాచడం ఏ విజ్ఞానమో నాకు అర్థం కాలేదు. వెంటనే పంపు. పంపితే నీకూ ఒక మేలు జరుగుతుంది. అంతకన్నా వివరంగా ఉత్తరంలో రాయలేను.

ఇక చట్టం. నింద వేసినవాడే రుజువు చేయాలి. నింద పడ్డ మనిషి తాను దొంగ కాదని రుజువు చేసుకోనక్కరలేదు. సాక్షి తన కళ్ళతో చూసింది చెప్పాలి. ఒకరు చెప్పగా విన్నది సాక్ష్యం కాదు. మరి అరచేతిలో చూసింది కళ్ళతో చూసిన లెక్కలోకి వస్తుందా అని మా వకీలుగారిని అడిగాను. నవ్వి నవ్వి నశ్యం డబ్బీ ఒళ్ళో ఒంపుకున్నారు. పోయిన వస్తువు నన్నీ బీ దగ్గర దొరకలేదు. ఆమె వసారా దాటి లోపలికి రావడం ఎవరూ చూడలేదు. ఇలాంటి వ్యవహారం ఏ కోర్టులోనూ ఒక పూట కూడా నిలవదు.

మామగారికి నెమ్మదిగా చెప్పు. వస్తువు కనపడకపోవడం వేరు, దొంగతనం వేరు. పెట్టె ఎక్కడో క్షేమంగానే ఉండవచ్చు. ఠాణా దాకా మాత్రం పోనీయకు. ఇది చాలా ముఖ్యం. అవ్వను దిగులు పడవద్దని చెప్పు.

చెప్పులు మరిచిపోకు.

వెంకటరమణయ్య


కోడుమూరు,
చైత్ర బహుళ తదియ.

బావగారికి,

మీ చట్టం నాన్నకు చదివి వినిపించాను. “అల్లుడు శానా చదువుకున్నాడు గానీ లోకం తెలీదు పాపం” అన్నారు. కాబట్టి ఇక చట్టం మీది, విజ్ఞానం నాది.

మనిషి వేలి మీద గీతలు ఒకరివి ఇంకొకరికి రావు. పుట్టినప్పటి నుంచి పోయేదాకా మారవు. నునుపైన దాన్ని తాకితే చెమట అంటి ముద్ర నిలుస్తుంది. మెత్తటి పొడి చల్లితే అది పైకి తేలుతుంది. ఇవన్నీ చదివి, దీపం మసి పట్టి, నెమలి ఈకతో భోషాణం ఇత్తడి రేకు మీద దులిపాను. బావా, ఒక బొటనవేలు తేలింది. సుడి తిరిగిన గీతలు, మధ్యలో అడ్డంగా ఒక కోత. దొంగ నా ముందు నిలబడి నమస్కారం పెట్టినట్టయింది.

ఆ ముద్ర ఎవరిదో తేల్చాలంటే వీధిలో అందరి వేళ్ళూ కావాలి. కాగితం, మసి పట్టుకుని బయలుదేరాను. మొదటి ఇంటివాడు ఉరుకుందే కాగితం చూసి చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. “మా నాయన ఒకసారి ఏలు ఏసినాడు, చేను పాయె. నేను ఎయ్యనప్పా” అన్నాడు. ఇది పొలం రాయించుకోవడానికి కాదు, సత్యం కోసం అన్నాను. “ఆ పొద్దు వచ్చిన ఆయప్ప కూడా ఇట్లే మంచిగా మాట్లాడినాడంట” అన్నాడు. నేను రెండో ఇంటికి చేరేలోపల వీధి తలుపులన్నీ మూసుకున్నాయి. కేశవయ్య కొడుకు ఖాళీ కాగితాల మీద ఊరి వేళ్ళు పోగుచేస్తున్నాడని పుకారు పుట్టింది. నాన్నకు అంగట్లో జవాబు చెప్పుకోలేక గొంతు పోయింది.

వేలు ఇచ్చింది ఒక్క నన్నీ బీ. అడగకుండానే వచ్చి, మా మెట్టు మీద కూర్చుని చెయ్యి చాపింది. “తీసుకో నాయనా. ఈ ఊర్లో ఎన్ని చేతులు పట్టుకున్నానో. ఎవురి ముంజేతికి ఏ కొలతో కండ్లు మూసుకొని చెప్తా. ఆ చేతులన్నీ ఇప్పుడు నన్ను చూస్తానే కొంగు కిందికి పోతాండాయి” అంది. నాకు మసి పూయడానికి చెయ్యి రాలేదు. అయినా పూశాను. ముద్ర ఆమెది కాదు.

ఎవరిదో కూడా తేలింది. నాదే. వక్కలు కత్తిరిస్తూ కోసుకున్న బొటనవేలు నాకు గుర్తు రాలేదు. పెట్టె పోయిందనగానే ముందు భోషాణం తెరిచి వెతికింది నేనే. నవ్వకండి. పుస్తకంలో ఇంటివాళ్ళ ముద్రలు ముందుగా తీసి పక్కన పెట్టాలని ఉంది. ఆ పేజీ అంటుకుపోయి ఉంటే తర్వాత విడదీశాను.

కానీ అసలు సంగతి ఇప్పుడు. మీరు వెళ్ళిన రోజు మధ్యాహ్నం, అందరూ భోంచేసి కునుకు తీయబోయే ముందు, అవ్వ కొట్టుగది నేల ఎర్రమట్టితో అలికింది. భోషాణం వెనక వారగా, తడిలో పడి ఎండిన ఒక పాదం గుర్తు దొరికింది! నన్నీ బీ వచ్చింది ఉదయం. అలికింది మధ్యాహ్నం. అంటే ఆమె వెళ్ళిన చాలాసేపటికి పడిన అడుగు అది. పైగా అది మగ పాదం. నన్నీ బీ కాలు పక్కన పెట్టి చూపించాను. “అయితే మనిషిని పంపించింటాది” అన్నారు నాన్న. ఈయనను ఏ విజ్ఞానం గెలుస్తుంది?

పాదానికి అచ్చు తీయడానికి పుస్తకం ఏదో తెల్లపొడి చెప్పింది. అది కోడుమూరులో దొరకదు. మన అంగట్లో బెల్లం ఉంది. ముదురు పాకం పట్టి పోశాను. చల్లారాక పాదం అచ్చంగా లేచి వచ్చింది. బొటనవేలికన్నా దాని పక్క వేలు పొడుగు. చిటికెన వేలు నేల తాకనే లేదు. చీమలు పట్టకుండా ఉట్టిలో పెట్టాను. నిన్న చూస్తే మడమ లేదు. అవ్వ తిన్నది. మన్ను తగిలింది గానీ బెల్లం మంచిదేనట.

వేళ్ళు మాత్రం భద్రం. ఇక పాదాల వేట.

ఆంజనేయ


కడప,
చైత్ర బహుళ నవమి.

ఆంజనేయకు,

నీ ఉత్తరం చదివి మీ అక్క నవ్వింది. నేను నవ్వలేదు. నీ మేలు కోరి కొన్ని మాటలు రాస్తున్నాను.

సాక్ష్యం దొరికిన చోటు నుంచి న్యాయాధికారి బల్ల మీదికి చేరేదాకా ఎవరి చేతిలో ఉందో, ఎవరు తాళం వేశారో, సందు లేకుండా చెప్పగలగాలి. మధ్యలో ఎవరూ దాన్ని మార్చలేదని తేలాలి. నీ సాక్ష్యం మడమ మీ అవ్వ కడుపులో ఉంది. అవతలి వకీలు మొదటి ప్రశ్న వేసేలోపలే కోర్టు పగలబడి నవ్వుతుంది. ఇక పాదం గుర్తు వేలిముద్ర లాంటిది కాదు. అలాంటి వేళ్ళున్నవాళ్ళు లోకంలో ఎందరో ఉంటారు. తడినేల మీద కాలు జారితే పొట్టి వేలు పొడుగవుతుంది, పొడుగు వేలు పొట్టిదవుతుంది. ఒక్క ఆధారంతో మనిషిని పట్టడం పాపం. నన్నీ బీ విషయంలో మీ నాన్నగారు చేసిందీ అదే కదా.

కాబట్టి ఆ బెల్లం మిగతాది కూడా అవ్వకు ఇచ్చేయి. ముసలావిడ వక్కాకు లేక నోరు చప్పబడి ఉంటుంది. పాదాల వేట మాను. ఊళ్ళో ఇప్పటికే వేళ్ళ గొడవ చాలు. వచ్చే అమావాస్య తర్వాత నేనే ఒకసారి వచ్చి, ఇల్లంతా నిదానంగా వెతికి పెడతాను. నా చేతి గుణం మంచిది, పోయినవి దొరుకుతాయి.

చెప్పులు నేను వచ్చినప్పుడు తీసుకుంటాను. తొందర లేదు.

వెంకటరమణయ్య


కోడుమూరు,
చైత్ర బహుళ ద్వాదశి.

వెంకటరమణయ్యగారికి,

బావ అనే మాట ఈ ఉత్తరంలో రాయడం లేదు. కారణం కింద ఉంది.

తొందర లేదన్నారు. మూడు వారాలుగా అరికాళ్ళు కాలుతున్న మనిషికి, పాదం గుర్తు దొరికిందనగానే చెప్పుల మీద తొందర పోయింది. ఎందుకో తోచక, వాటిని ఎలుకలు కొట్టాయేమో చూద్దామని అటక ఎక్కి, జొన్నల గాదె వెనక నుంచి బయటికి తీశాను. దాచింది నేనే. ఒప్పుకుంటున్నాను. తోలు మీద మీ వేళ్ళు రెండేళ్ళుగా నల్లటి గుంటలు చేశాయి. బొటనవేలికన్నా పక్క వేలు పొడుగు. చిటికెన వేలి చోట గుంటే లేదు. తోలు కొత్తగా మెరుస్తోంది. బెల్లం పాదం తెచ్చి పెట్టాను. గుంటల్లో వేళ్ళు ఒదిగి కూర్చున్నాయి.

ఇంట్లో అందరి పాదాలూ చూశాను. పాలు పోసేవాడిది చూశాను, అంగట్లో మూటలు ఎత్తేవాళ్ళవి చూశాను. అల్లుడి పాదం మాత్రం నాకు తోచనే లేదు. అల్లుడి పాదం కడగడానికే గానీ కొలవడానికి కాదన్నట్టు మమ్మల్ని పెంచారు. పెళ్ళిలో నాన్న పళ్ళెంలో పెట్టి తన చేత్తో కడిగి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్న పాదం ఇది. ఆయన కూడా ఆ గుర్తు ముందు కూర్చుని, నన్నీ బీ పంపిన దొంగ పాదం అన్నారు.

ఒక్క ఆధారంతో పట్టకూడదని మీరే నేర్పారు. పట్టను. మీరే చెప్పండి. నాన్న ఠాణాకు కాగితం రాయించారు. అమావాస్య పోగానే ఇస్తారు. అక్క ముఖం చూసి ఆయనకు ఇంకా చెప్పలేదు. ఎంతకాలం ఆగగలనో నాకే తెలియదు.

ఆంజనేయ


కడప,
చైత్ర బహుళ చతుర్దశి.

ఆంజనేయా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి బావిగట్టు మీద కూర్చున్నాను. పెట్టె నా దగ్గరే ఉంది. మీ అక్కకు ఇవాళే చెప్పాను. ఆమె నాతో మాట్లాడకుండా పప్పు రుబ్బుతోంది. రోలు పగిలేటట్టు ఉంది.

దొంగతనం కాదురా. నువ్వు చెప్పులు దాచావు. నీ పరిశోధన సంగతి తెలుసు కాబట్టి, నీకే పరీక్ష పెడదామని, అందరూ కునుకు తీస్తుంటే పెట్టె తీసి పక్కచుట్టలో దోపాను. బస్సు దగ్గర నీ చెవిలో చెప్పి, చెప్పులకు పెట్టె మార్చుకుందామనుకున్నాను. బస్సు దాకా మీ నాన్నగారు నా చెయ్యి వదలలేదు. మా అల్లుడు ముత్యం అని డ్రైవరుకు చెబుతున్నారు. ఆ మాటకు పెట్టె బయటికి తీయలేకపోయాను. ఇల్లు చేరిన నాలుగు రోజులకే నన్నీ బీ సంగతి నీ ఉత్తరంలో వచ్చింది. ఆ పూటే రాసి ఉండాల్సింది. చట్టం రాశాను.

ఒక ఉపాయం చెబుతాను. నీ జవాబు అందగానే నేను వస్తాను. ఎవరూ చూడకుండా పెట్టె భోషాణం అడుగున పాత చీరల్లో పెడతాను. నువ్వు వెతికి తీయి. పెట్టె దొరికిందంటే నింద పోయినట్టే. నా పరువూ, మీ అక్క పరువూ నిలుస్తాయి. నీ పరిశోధనకు పేరూ వస్తుంది. మామగారి ముఖం చూసి చెప్పడం నా వల్ల కాదు.

వెంకటరమణయ్య


కోడుమూరు,
చైత్ర అమావాస్య.

బావా,

బావా అని మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే కోపం వస్తే ఆ పిలుపే వస్తుంది.

పెట్టె దొరికితే నింద పోతుందా? ఆలోచించండి. పెట్టె భోషాణంలో దొరికిన మరుక్షణం బసవన్న అరుగెక్కి ఏమంటాడు? అంజనానికి భయపడి నన్నీ బీ తెచ్చి పెట్టేసిందంటాడు. ఊరు తల ఊపుతుంది. ఇప్పుడు అనుమానం. అప్పుడు రుజువు. ఆమె చచ్చేదాకా గాజులమ్మ కాదు, పెట్టె తిరిగి పెట్టిన దొంగ. మీ పరువు భోషాణంలో భద్రంగా ఉంటుంది, ఆమెది వీధిలో ఉంటుంది.

సాక్షి తన కళ్ళతో చూసింది తన నోటితో చెప్పాలని రాశారు. ఇందులో చూసినవాడు లోకంలో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ అరుగు మీదికి రావాలి, పట్టపగలు, పెట్టె చేతిలో పెట్టుకుని.

నేను నాన్నకు చెప్పను. భయంతో కాదు. నేను చెబితే అది విన్న మాట అవుతుంది.

ఒక సంగతి. నాన్న నన్ను చింతపండు బేరానికి ఆత్మకూరు పంపుతున్నారు. వేళ్ళ గొడవ చల్లారేదాకా నేను ఊళ్ళో లేకపోతే మంచిదట. కాబట్టి మీరు వచ్చేసరికి నేను ఉండను. మిమ్మల్ని తోసేవాళ్ళూ ఉండరు, పట్టుకునేవాళ్ళూ ఉండరు. ఏం చేశారో ఆత్మకూరుకు రాయండి.

ఆంజనేయ


కోడుమూరు,
వైశాఖ శుద్ధ చవితి.

ఆత్మకూరులో ఉన్న ఆంజనేయకు,

వచ్చాను. చెప్పాను.

బస్సు దిగి నేరుగా ఇంట్లోకి పోయి ఉంటే ధైర్యం చచ్చేది. ముందు నన్నీ బీ ఇంటికి పోయి, ఆమెను వెంటబెట్టుకుని మన అరుగు ముందుకు వచ్చాను. మామగారు కాగితం సర్దుకుని ఠాణాకు బయలుదేరుతున్నారు. పెట్టె అరుగు మీద పెట్టి, తీసింది నేను, ఈమె కాదు అన్నాను. ఇంకా చాలా చెప్పాలని దారంతా కట్టుకున్నాను. అవేవీ రాలేదు. మామగారు పెట్టె వంక చూశారు, నా పాదాల వంక చూశారు, మళ్ళీ పెట్టె వంక చూశారు. కాగితం నాలుగు ముక్కలు చేసి లోపలికి పోయారు. అవ్వ మాత్రం పెట్టె తెరిచి, వక్కలు తగ్గాయేమోనని చూసుకుంది.

జనం మూగారు. నన్నీ బీ కాళ్ళ మీద పడబోయాను. ఆమె వెనక్కి జరిగింది.

“నీ మొక్కులు నాకేం చేసుకోను అల్లుడుగారూ? మలారం ఎత్తుకో” అంది.

మలారం, అంటే గాజుల దండలు కట్టిన ఆ మోపు, ఇంత బరువని నాకు తెలియదు. వయసులో ఉన్న ఎద్దుకు పెట్టాలి.

“నేను ముందు పోతాంటా. నా ఎనకాల రా. యా వాకిలి ముందర నిలబడితే ఆ వాకిట్లో నువ్వే పిలువు.”

పిలిచాను. వకీలు గుమాస్తాను, కేశవయ్య అల్లుణ్ణి, నెత్తిన మలారంతో ఒట్టికాళ్ళతో వీధి వీధీ, గాజులమ్మా గాజులు అని. మొదటి ఇంటి ముందు గొణిగాను. నన్నీ బీ తిరిగి చూసి, “శవం లేచే ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడతాండావే. పెళ్ళి నెల ఇది” అంది. తలుపులు నా గొంతుకు తెరుచుకున్నాయో, నన్ను చూసి నవ్వడానికి తెరుచుకున్నాయో గానీ, తెరుచుకున్నాయి. ఆడవాళ్ళు గుంపులుగా వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. మీ అమ్మ మన వాకిట్లో, వీధికి ఎదురుగా కూర్చుని చేతులు రెండూ చాపింది. ఉరుకుందు భార్య చాపిన చేతిని నన్నీ బీ కాసేపు ఊరికే పట్టుకుని కూర్చుంది, తొడగకుండా.

మళ్ళీ మన ఇంటి ముందుకు వచ్చేసరికి నా పాదాలు బొబ్బలెక్కాయి. మామగారు అరుగు మీద నిలబడి ఉన్నారు, చేతిలో రాగి చెంబు.

“కాళ్ళు కాల్తాండాయా అల్లుడా?”

“కాల్తాండాయి మామా.”

“మంచిది” అన్నారు. మెట్లు దిగారు. నేను పాదాలు ముందుకు పెట్టాను. ఆయన నన్ను దాటిపోయి, చెంబు నన్నీ బీ ముందు పెట్టి, “శానా దూరం నడిచినావు, కాళ్ళు కడుక్కో తల్లీ” అన్నారు. ఆమె కడుక్కుంది, నిదానంగా, ఊరంతా చూస్తుండగా.

ఒక చేదు వార్త కూడా రాయాలి. నువ్వు ఏ చెట్టు కింద ఉన్నా ముందు కూర్చో. బసవన్న అరుగెక్కాడు. “నేను ఆ పొద్దే చెప్తి గదప్పా, గాజులు మోసే మనిషే తీసిండాడని. ఇదో, మోస్తాండాడు” అని నా నెత్తి మీది మలారం చూపించాడు. ఊరు తల ఊపింది. ఇప్పుడు పక్క పల్లెల నుంచి కూడా మనుషులు అంజనానికి వస్తున్నారు.

రేపు మీ అక్కను చూడటానికి కడప పోతాను. తలుపు తీస్తుందో లేదో. బొబ్బల మీద నడవలేను. అటక మీద గాదె వెనక వెతికాను, గాదె ముందు వెతికాను, గాదెలో దిగి వెతికాను. నా చెప్పులు యాడ పెట్టినావురా?

వెంకటరమణయ్య


ఆత్మకూరు,
వైశాఖ శుద్ధ నవమి.

బావగారికి ఆంజనేయ నమస్కారాలు.

మీ ఉత్తరం చింతపండు మండీలో నిలబడి చదివాను. రాగి చెంబు దగ్గర ఆగి మళ్ళీ చదివాను. బసవన్న దగ్గర ఉత్తరం నలిపి విసిరేశాను. తర్వాత వెతికి తెచ్చుకుని సాపు చేసుకున్నాను. వాడితో నాకు ఇంకా పని ఉంది. తిరిగి రాగానే అరుగు మీద సభ పెడతాను.

మిగిలిన బెల్లం పాదం దారిలో ఆకలైతే తినేశాను. అవ్వ చెప్పింది నిజమే, మన్ను తగిలింది.

ఇక మీ చెప్పులు. నల్లమల పక్క దారి అంతా తుమ్మముళ్ళు. మీవి వేసుకునే వచ్చాను. కొంచెం పెద్దవి, కిర్రుమంటూ ఊరంతటికీ నా రాక చెబుతున్నాయి. నిన్న వాన కూడా పడింది. మీ పొడుగు వేలి గుంట మీద ఇప్పుడు నా వేళ్ళ గుంటలు పడ్డాయి, చిటికెన వేలి చోట కూడా తోలు నలిగింది. ఎవరు చూసినా ఇవి ఎవరి చెప్పులో చెప్పలేరు.

కాబట్టి ఇవి ఇక సాక్ష్యానికి పనికిరావు. మీ మీద నా దగ్గర ఉన్న ఆధారాలు ఇవే.

ఆంజనేయ